సగం కడవ

మా ఊరి మంచినీళ్ళ ఊట సముద్రంలోనే ఉంది. ఆటుకి సముద్రం వెనక్కి తగ్గినప్పుడు నల్లరాళ్ళ సందుల్లోంచి చల్లగా, తియ్యగా ఉబుకుతుంది. పోటు వచ్చిందంటే మళ్ళీ ఉప్పునీళ్ళ అడుగున దాక్కుంటుంది. అందుకని జెజు దీవిలో మా వైపు ఆడవాళ్ళు కోడికూతకి లేవరు, సముద్రాన్ని బట్టి లేస్తారు.

ఆ నీళ్ళు మేం వీపున మోస్తాం. వెదురుబుట్టలో కడవ కూర్చోబెట్టి, బుట్టకి కట్టిన తాడు భుజాల మీదుగా రొమ్ము మీదకి తెచ్చి రెండు చేతులతో పట్టుకుంటాం. కడవ మూతి సన్నం, పొట్ట గుండ్రం. నెత్తిన పెట్టుకోవడం మాకు లేదు. మా గాలి అలాంటిది, మా దారి అలాంటిది. ఊట నుంచి ఒడ్డు దాకా అన్నీ ఒకప్పుడు నిప్పుకొండ కక్కిన రాళ్ళే. అడుగు వేస్తే రాయి వేలెడంత కదులుతుంది. ఆ కదలిక పాదం దగ్గర వేలెడే గాని, నెత్తికి ఎక్కేసరికి మూరెడవుతుంది.

మా ఓక్‌రిమ్ వదిన దీవి పిల్ల కాదు. సముద్రానికి అవతల, పెద్దనేల మీద, ఉప్పుమడుల ఊరు వాళ్ళది. మా అమ్మ ఏటా వేసవిలో రాళ్ళకి కరుచుకుని ఉండే గవ్వచేపల కోసం సముద్రంలో మునగడానికి ఆ తీరానికి వెళ్ళేది. అక్కడ ఉప్పుమడి గట్టు మీద, నెత్తిన నీళ్ళకుండతో, చేతులు రెండూ వదిలేసి నడిచిపోతున్న పిల్లని చూసింది. గట్టు జానెడు వెడల్పు. కుండలో చుక్క తొణకలేదట. "ఆ మెడ చూసి తెచ్చుకున్నానే కోడల్ని" అని ఊరంతా చెప్పుకుంది.

ఆ మెడే మా ఇంటి మీదకి ముప్పు తెచ్చింది.

వదిన మా రాళ్ళ మీద కూడా నెత్తినే మోసింది. మొదట్లో అందరూ నిలబడి చూసేవాళ్ళు. పక్కింటి మున్‌సెంగ్ పిన్ని అయితే, "అదుగో, నెత్తి మీద మేడ కట్టుకుని వస్తోంది చూడండి" అనేది. వదిన నవ్వేది కాని మార్చుకోలేదు. వీపున మోయాలంటే ముందుకి వంగి, నేల చూస్తూ నడవాలి. చిన్నప్పటి నుంచి నిటారుగా నడిచిన ఒళ్ళు అంత తొందరగా వంగదు. ఆ మరుసటి వసంతంలో, కడుపుతో అయిదో నెల నడుస్తుండగా, ఊట దారిలో గాలి ఆ కుండని పక్కకి తోసింది. కుండ వెనకే వదిన. కుండా పోయింది, కడుపూ పోయింది.

అమ్మ ఒక్క మాటా అనలేదు. నలభై ఏళ్ళుగా సముద్రంలో ఊపిరి బిగబట్టిన మనిషి, మాటని బిగబట్టడం ఆవిడకి కష్టం కాదు. కొత్త బుట్ట అల్లించి వదిన వంటింటి ముందు పెట్టింది, అంతే.

మా దీవిలో ఒకే వాకిట్లో ఉన్నా అత్తకో ఇల్లు, కోడలికో ఇల్లు. పొయ్యి వేరు, నీళ్ళ తొట్టి వేరు. ఎవరి నీళ్ళు వాళ్ళు తెచ్చుకోవాలి. అలాంటిది, వదినకి మళ్ళీ నెల తప్పిందని తెలిసిన రోజు నుంచీ అమ్మే రెండు తొట్లూ నింపింది. మా అన్నయ్య చలికాలం మొదట్లో సెలవుకి వచ్చి, మళ్ళీ సైన్యంలోకి, ఎక్కడో ఉత్తరపు సరిహద్దుకి వెళ్ళిపోయాడు. నేను పట్నంలో ఉపాధ్యాయ శిక్షణ కాలేజీలో ఉన్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. అందుకని సెలవులకి వచ్చినప్పుడల్లా నా వంతు పని రెండింతలు చెయ్యాలని నాకు నేనే పెట్టుకున్న నియమం.

ఆ వేసవి సెలవులు ఇక రెండు రోజుల్లో అయిపోతాయనగా అమ్మ పాదం సముద్రంలో రాతికి కోసుకుపోయింది. మడమ నుంచి చిటికెన వేలి దాకా చీలింది. ముల్లాకు నూరి కట్టుకట్టుకుని గడప మీద కూర్చుంది. వదినకి తొమ్మిదో నెల.

"నేను వారం ఆగి వెళ్తానమ్మా" అన్నాను.

"వెళ్ళు. చదువు పోతే మళ్ళీ రాదు. నీళ్ళు మున్‌సెంగ్ తెచ్చిపెడుతుంది."

వదిన ముందు వాకిట్లో బార్లీ ఆరబోస్తోంది. వంగలేక మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో నెరుపుతోంది. తల ఎత్తకుండానే అంది:

"అత్తయ్యా, రేపు నేనే వెళ్తాను ఊటకి."

అమ్మ పాదం కట్టు సర్దుకుంది.

"నెత్తిన పెట్టుకోను. వీపునే. మీరు అల్లించిన బుట్టలోనే."

"నీ కాళ్ళు నీకు కనిపిస్తున్నాయా అసలు, అమ్మాయ్?"

"కనపడవు. అందుకే అడుగుతున్నాను, తోడు రండి. పిల్లలనిచ్చే అవ్వకి పెట్టే గిన్నెడు నీళ్ళూ నేనే తేవాలి. పోయినసారి ఆవిడకి నా చేతి నీళ్ళు అందలేదు. దారిలోనే ఒలికిపోయాయి."

మా దీవిలో కాన్పుకి ముందు, పిల్లలనిచ్చే అవ్వ అనే దేవత పేరు చెప్పి తలాపు దగ్గర గిన్నెలో నీళ్ళూ కాస్త బియ్యమూ పెడతారు. ఆ నీళ్ళు ఎవరు తెచ్చినా ఒకటే. అవ్వ ఎవరి వీపు మీద వచ్చాయని అడగదు. కాని వదిన మనసులో ఆ పోయిన బిడ్డా, ఆ ఒలికిన నీళ్ళూ ముడిపడిపోయాయి. అది విప్పడం ఎవరి వల్లా కాదు. అమ్మ గోడ పట్టుకుని లేచి ఆకాశం వైపు చూసింది. తర్వాత, "రేపు ఆటు పొద్దున్నే. గాలి లేకపోతేనే" అంది.

పొద్దున గాలి లేదు. మా దీవిలో గాలి లేదంటే చెట్టు వంగలేదని అర్థం, ఆకు కదల్లేదని కాదు.

ముగ్గురం బయల్దేరాం. అమ్మ కర్ర పట్టుకుని కుంటుతూ ముందు, మధ్యలో వదిన ఖాళీ కడవతో, వెనక నేను నా కడవతో. ఖాళీగా పోతున్నప్పుడు వదిన నడక చూశాను. రెండు పాదాలూ ఎడంగా వేసి, నడుము లోపలికి విరిచి, భుజాలు వెనక్కి పడేసి నడుస్తోంది. నిండు చూలాలు ఎవరైనా అలాగే నడుస్తారు. కాని అంతకు ముందు ఏడాది మా మాస్టారు చెప్పిన పాఠం తలలో ఉండబట్టి నేను ఎప్పుడూ చూడనంతగా చూశాను.

మాస్టారు అట్టతో మనిషి బొమ్మ కత్తిరించి, దాన్ని మేకుకి వేలాడదీసి, రాయి కట్టిన దారం పక్కనే వదిలారు. మేకు మార్చి మళ్ళీ వదిలారు. దారాలు ఒకదాన్నొకటి కోసుకున్న చోట చుక్క పెట్టారు. మనిషి బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు అనిపించే చోటు అది, గురుత్వ కేంద్రం. నిలబడ్డ మనిషికి బొడ్డు కింద, ఒంటి లోపల ఉంటుంది. ఆ చుక్క నుంచి నేల మీదకి దారం వదిలితే అది పాదాల మధ్య పడినంతసేపూ మనిషి నిలుస్తాడు. పాదాలు దాటితే పడతాడు. బరువెత్తుకుంటే ఆ చుక్క బరువు వైపు జరుగుతుంది. ఒళ్ళు వెంటనే అటో ఇటో ఒంగి దాన్ని మళ్ళీ పాదాల మీదకి లాక్కుంటుంది. "ఈ పని మీరు పుట్టినప్పటి నుంచీ చేస్తున్నారు, ఒక్కరోజు కూడా మీకు తెలీదు" అన్నారు మాస్టారు. నేను రాసుకున్నాను, పరీక్షలో రాశాను. అట్ట మనిషికి కడుపు రాదు, వాడి వీపున కడవ ఉండదు.

ఊట దగ్గర మున్‌సెంగ్ పిన్ని అప్పటికే నీళ్ళు ముంచుకుంటోంది.

"అయ్యో, అక్కా! కాలు తెగినావిడా, కడుపుతో ఉన్నావిడా, కాలేజీ పిల్లా. మంచి జట్టే. పట్నంలో కొళాయి తిప్పితే నీళ్ళొస్తాయటగా హ్వాసున్, ఇంకా వంగడం గుర్తుందా?"

"గుర్తుంది పిన్నీ. నీ నోరు కూడా గుర్తుంది."

"ఇది మాత్రం చదువుకి పోయినా పాడవలేదు" అని పకపకా నవ్వింది.

అమ్మ రాతి మీద కూర్చుని సొరకాయ బుర్రతో వదిన కడవలోకి నీళ్ళు పోసింది. పోస్తూ పోస్తూ సగంలో ఆపేసింది. మూతిలో గుప్పెడు గడ్డి కుక్కింది.

పిన్ని నవ్వు ఆగిపోయింది. "అక్కా. సగమేనా?"

"చాలు."

"సగం కడవ ఇస్తావా ఎవరికైనా? చిన్న కడవ లేదూ ఇంట్లో?"

"పగిలిపోయింది. నీ కడవ సంగతి నువ్వు చూసుకో."

పిన్ని నా వైపు చూసింది. మా దీవిలో ఆరేళ్ళ పిల్లకి వీపున బుట్ట కడతారు. దానికి పిడికిలంత కడవ ఇస్తారు, కాని అంచు దాకా నింపి ఇస్తారు. సగం కడవ ఎవరూ ఇవ్వరు. నిండిన నీళ్ళకి కదలడానికి చోటుండదు, సగం నీళ్ళు లోపల అటూ ఇటూ పరిగెడతాయి. ఈ మాట నాకు నేర్పింది అమ్మే. "నీళ్ళు ఊగితే నువ్వు ఊగుతావు" అని, నా కడవలో ఇంకో బుర్రెడు పోసి వీపు చరిచేది. ఆవిడకి తెలియక చేసిన పని కాదు ఇది. భయం ఆవిడ చెయ్యి పట్టుకుని సగంలో ఆపేసింది.

వదినని రాతి అరుగుకి ఆనించి కడవ ఎక్కించాం. లేచి నిలబడింది. నాలుగడుగులు వేసింది. కడవలో గుబుక్ మంది.

ఒంటి బరువు ముందుకి లాగుతోంది, కడవ వెనక్కి లాగుతోంది. ఆ రెండూ ఒక చోట కుదిరితే ఒళ్ళు సర్దుకునేదే. కాని కడవ ఒక చోట ఉండదు. అడుగు వెయ్యగానే నీళ్ళు వెనక్కి పోయి కొడతాయి, వదిన ముందుకి వంగుతుంది, వంగేలోగా నీళ్ళు తిరిగొచ్చి ముందుకి తోస్తాయి. మధ్యదారిలో ఒక వాలు రాయి మీద ఆగిపోయింది. రెండు మోకాళ్ళూ వణుకుతున్నాయి. మెడ నరాలు తేలాయి. కుడివైపు, నాలుగు బారల దూరంలో, కిందటేడు వసంతంలో కుండ పగిలిన చోటు. ఎవరూ అటు చూడలేదు.

"దించెయ్, హ్వాసున్, కడవ దించెయ్" అమ్మ గొంతు కీచుగా వచ్చింది. "చాల్లే, ఇక చాలు."

"వద్దు" అంది వదిన. "అత్తయ్యా, నింపండి."

"ఏంటీ?"

"కడవ నింపండి. సగం కడవ నన్ను తోసేస్తోంది."

"పిచ్చి పట్టిందా? సగానికే వణుకుతున్నావు!"

"సగం కాబట్టే వణుకుతున్నాను. నేను ఆగినా ఇవి ఆగట్లేదు అత్తయ్యా. నింపెయ్యండి, దీని నోరు ముయ్యండి."

అమ్మ కర్ర పక్కకి పడేసింది. వదిన ఎదురుగా వచ్చి, తెగిన పాదం రాయికి తన్నిపెట్టి, వదిన రెండు మోచేతులూ పట్టుకుంది. తర్వాత నా వైపు చూసి తలూపింది.

నేను నిండుగా ఉన్న నా కడవ పక్కరాతి మీద దించి, ఒక అడుగు ఎత్తున ఉన్న రాయెక్కి, వదిన వెనక నిలబడ్డాను. గడ్డి తీసి, నా కడవ వంచి బుర్ర నింపి, ఆ సన్నటి మూతిలోకి పోశాను. గురి తప్పి సగం వదిన జడ మీద పడింది.

"తలంటు తర్వాత పొయ్యి, ముందు కడవలో పొయ్యి" అంది వదిన, పళ్ళ మధ్య నుంచి.

అమ్మ నవ్వలేదు. నేను రెండో బుర్ర పోశాను. మూడోది. అప్పుడు చూశాను.

నీటిమట్టం పైకి వస్తున్న కొద్దీ వదిన వీపు మారుతోంది. మొదట నడుము దగ్గర లోతుగా పడిన ఒంపు కొంచెం తేలింది. ఇంకో బుర్ర. భుజాలు వెనక్కి పడి ఉన్నవి తమంతట అవే వాటి చోటుకి వచ్చాయి. ఇంకోటి. మోకాళ్ళ వణుకు పిక్కల్లోకి దిగింది, పిక్కల్లోంచి పాదాల్లోకి, పాదాల్లోంచి రాతిలోకి ఇంకిపోయింది. ఎవరూ వదినకి నిటారుగా నిలబడమని చెప్పలేదు. తక్కెడలో ఎదురు పళ్ళెంలో గింజలు పోస్తూ పోతే ముల్లు నిదానంగా మధ్యకి వచ్చినట్టు, ఆ ఒళ్ళు దానికదే వచ్చి నిలిచింది. ముందు బిడ్డ, వెనక నీళ్ళు. మధ్యలో వెన్ను, నాటిన గుంజలా.

కడవ అంచు దాటి ఒక చుక్క జారింది. గడ్డి కుక్కాను. మాస్టారు అట్ట మీద పెట్టిన చుక్క నాకు కంటికి కనపడుతున్నట్టే ఉంది, వదిన ఒంట్లో ఎక్కడో, బిడ్డకీ కడవకీ నడుమ, దారం తిన్నగా రెండు మడమల మధ్యకి దిగుతున్నట్టు.

"వదలండి అత్తయ్యా" అంది వదిన.

అమ్మ ఒక చెయ్యి వదిలింది. రెండోది వదలడానికి చాలాసేపు పట్టింది.

వదిన నడిచింది. మా వాళ్ళలా ముందుకి వంగి, నేల చూస్తూ కాదు. ఉప్పుమడి గట్టు మీద పిల్లలా, తలెత్తి, ఎదురుగా చూస్తూ నడిచింది. వంగాల్సిన అవసరం ఆ రోజు ఆమె ఒంటికి లేదు. పాదం ముందు వేళ్ళతో రాతిని తడిమేది, రాయి ఒప్పుకుంటే మడమ ఆనించేది. ఒకసారి సముద్రం మీంచి గాలి ఈడ్చి కొట్టింది. నా తలగుడ్డ ముఖానికి చుట్టుకుంది. వదిన ఆగి, మోకాళ్ళు రవ్వంత వదులు చేసి, గాలి దాటిపోయేదాకా ఊరికే ఉంది. కడవలో చప్పుడు లేదు.

వెనకాల మున్‌సెంగ్ పిన్ని వస్తోంది. ఆవిడ కూడా నోరు మెదపలేదు. అది నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

నా సంగతికొస్తే, నా కడవ ఇప్పుడు సగం అయింది. నాలుగడుగులు ఊగి, మిగిలిన నీళ్ళు సముద్రంలో పారబోసి, ఖాళీ కడవతో వాళ్ళ వెంట పడ్డాను.

ఇంటి దగ్గర, వంటింటి తలుపు పక్కన, కడవ దించుకోవడానికి నడుమెత్తు రాతి పలక ఉంటుంది. వీపు తిప్పి, బుట్ట అడుగు దాని మీద ఆనించి, తాడు వదిలేస్తే చాలు. వదిన వీపు తిప్పింది. బుట్ట ఆనింది. నేను హమ్మయ్య అనుకున్నాను. దారంతా అయిపోయింది, రాళ్ళు అయిపోయాయి, ఇక భయం ఏముంది?

అమ్మ మాత్రం కర్ర పారేసి పరిగెత్తింది. ఆ తెగిన పాదంతోనే.

వదిన తాడు వదిలింది. వెనక బరువు ఒక్కసారిగా పోయింది. ముందున్నది ముందే ఉంది. ఒళ్ళు ఇంకా కడవ ఉందనుకుని నిటారుగానే ఉంది. కొమ్మ మీంచి పండు ఊడినట్టు వదిన ముందుకి వచ్చేసింది. అమ్మ అప్పటికే ఎదురుగా ఉంది. మోకాళ్ళు వంచి, రెండు చేతులూ ఆ కడుపు కింద పెట్టి, తన భుజం వదిన రొమ్ముకి ఆనించి, ఆ బరువంతా తన మీదకి తీసుకుంది. పాదం కట్టు ఎర్రగా తడిసింది. ఇద్దరూ అలా ఒకరి మీద ఒకరు వాలి కాసేపు నిలబడిపోయారు. ఎవరిది ఎవరి బరువో చెప్పడానికి లేదు.

"మొయ్యడం నీకు వచ్చు, అమ్మాయ్" అంది అమ్మ, వదిన భుజం మీదే. "దించడం నేర్చుకోవాలి."

వదిన ఏడ్చింది. అమ్మ కూడా ఏడ్చిందేమో. ఆవిడ ముఖం నాకు కనపడలేదు.

నేను మర్నాడు బస్సెక్కాను. తర్వాత జరిగినవి చలికాలం సెలవుల్లో మున్‌సెంగ్ పిన్ని చెప్పింది. గిన్నెలో నీళ్ళు పెట్టారట. పాప పుట్టిందట. అమ్మ నల్లగోధుమ పిండి ముద్దలు వేసి సముద్రపు నాచుతో చారు కాచి, వదిన వద్దన్నా తాగించిందట.

"అదంతా సరే పిన్నీ, వదిన మళ్ళీ ఊటకి ఎప్పుడెళ్ళింది?"

"అదే చెప్తున్నా, ఆగు! పురిటి తర్వాత మొదటిసారి వచ్చింది. అంచు దాకా నింపింది మీ అమ్మ, ఈసారి బుద్ధిగా. వీపుకెత్తింది మీ వదిన, మహారాణిలా తలెత్తింది. కడుపు లేదన్న సంగతి ఒంటికి తెలియదుగా! అలా వెనక్కి, వెనక్కి, వెనక్కి వెళ్ళి ఊటలోనే చతికిలబడింది. కడవ పగల్లేదు, నయం. మీ అమ్మ నీళ్ళలో నిలబడి అరుస్తోంది, 'ముందర ఏమీ లేదే ఇప్పుడు, వంగవే, వంగు!' అని. మీ వదిన నీళ్ళలో కూర్చునే నవ్వు. మీ అమ్మ కూడా నవ్వింది. నీకు తెలుసా, ఆవిడకి పై పన్ను లేదని నాకు ఆ రోజే తెలిసింది."

ఆ తర్వాత వదిన వంగడం నేర్చుకుంది. ఇప్పుడు వెనక నుంచి చూస్తే మా దీవి మనిషే అంటారు.

మళ్ళీ వేసవికి నేను వెళ్ళేసరికి పాపకి నిలబడాలని తెగ ఆత్రం. కనబడినదల్లా పట్టుకుని లేస్తోంది. సాయంత్రం అమ్మ గడప మీద కూర్చుని, దాన్ని తన అరచేతిలో నిలబెట్టింది. మా వైపు పిల్లల్ని అలా ఆడిస్తారు. ఒక చెయ్యి పాదాల కింద, రెండో చెయ్యి దగ్గరలో, ముట్టుకోకుండా.

"నిలబడూ, నిలబడూ, నా తల్లి నిలబడూ..."

పాప రెండు పాదాలూ కలిపినా అమ్మ అరచేయి నిండలేదు. ఒళ్ళంతా ఊగింది. ముందుకి, పక్కకి, పెద్ద తల ఒకవైపు లాగితే పిరుదులు ఇంకోవైపు. అమ్మ చెయ్యి కింద నెమ్మదిగా కదులుతోంది, ఒక వెంట్రుకవాసి ఇటు, ఒక వెంట్రుకవాసి అటు. ఆవిడ పాప ముఖం చూడటం లేదు. ఎటూ చూడటం లేదు. నీళ్ళ అడుగున చేత్తో తడిమి గవ్వచేపని వెతికేటప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది ముఖం. వదిన వంటింట్లోంచి వచ్చి, చేతిలో గరిటె చేతిలోనే ఉండగా, ఆగిపోయింది.

ఊగడం ఆగింది. పాప అలా నిలబడి ఉంది, అరచేతిలో, ఏమీ పట్టుకోకుండా. నోరు తెరుచుకుని మా ముగ్గురినీ చూసింది. తను ఏం చేస్తోందో తనకి తెలియదు.

మేం ఎవరం ఊపిరి తీసుకోలేదు.